పార్వాల్బ్యుమిన్ వెలగలేదని కంగారు పడకు

చి. లావణ్యకు,

నువ్వు పంపిన ఫొటోలు చూశాను. ఏడు రోజుల చిట్టెలుక కార్టెక్స్‌లో, అంటే మెదడు పై తొడుగులో, పార్వాల్బ్యుమిన్ అనే ప్రొటీన్ ఉన్న కణం ఒక్కటీ కనబడలేదు, దాన్ని అంటుకుని వెలిగించే యాంటీబాడీ పాడైందేమోనని టెన్షన్ పడుతున్నావు. కొత్త సీసా అప్పుడే ఆర్డర్ చేయకు. ఎదిగిన చిట్టెలుక సెక్షన్ ఒకటి తీసుకుని, అదే రోజు, అదే యాంటీబాడీతో వీటి పక్కనే స్టెయిన్ చెయ్యి. అందులో వెలిగిందా, సీసా మంచిదే. తక్కువ వయసే అసలు కారణం.

కార్టెక్స్‌లో ఆ ప్రొటీన్ సుమారు పదో రోజుకి గానీ తొంగిచూడదు. అదీ ముందు ఐదో పొరలో. నిండుగా కనబడాలంటే మూడు నాలుగు వారాలు పడుతుంది. అంతవరకూ కణం లేదని కాదు. మీసం రానంత మాత్రాన మగపిల్లాడు కాకపోతాడా? ఆ కణాలు ఇంటర్‌న్యూరాన్లు, అంటే పక్క నాడీకణాలని అణిచిపెట్టేవి. అవి పిండదశలోనే మెదడు అడుగు భాగాన, మీడియల్ గాంగ్లియానిక్ ఎమినెన్స్‌లో పుట్టి, కార్టెక్స్‌కి నడిచి వచ్చేశాయి. దారిలో ఎన్‌కేఎక్స్2.1 అనే ప్రొటీన్‌ని వదిలేస్తాయి కాబట్టి కార్టెక్స్‌లో దానికోసం వెతికి లాభం లేదు. ఎల్‌హెచ్‌ఎక్స్6 అనే ఇంకో ప్రొటీన్ మాత్రం ఉంటుంది, దాన్ని పట్టుకో. ఎల్‌హెచ్‌ఎక్స్6 ఉండి సొమాటోస్టాటిన్ (ఇంకో రకం ఇంటర్‌న్యూరాన్ల గుర్తు) లేని కణాల్లో చాలావరకు రేపటి పార్వాల్బ్యుమిన్ కణాలే. అన్నీ అవేనని మాత్రం రాయకు, సొమాటోస్టాటిన్ ఇంకా సరిగ్గా పలకనివి కూడా కొన్ని అందులో కలుస్తాయి.

ఇంకో సంగతి. మొదటి పొరలో కాల్‌రెటినిన్, రీలిన్ అనే ప్రొటీన్లు వెలిగిన ప్రతిదాన్నీ ఇంటర్‌న్యూరాన్ లెక్కలో వేసేశావు. మెదడుని కప్పే పియా పొర కిందే పెద్దగా, పొడుగ్గా ఉన్నవి కహాల్-రెట్జియస్ కణాలు కావచ్చు. అవి విడుదల చేసేది గ్లుటమేట్, పక్క కణాలని ఉత్తేజపరిచే రసాయనం; ఇంటర్‌న్యూరాన్లది అణిచే గాబా. పక్కనే గాబా గానీ, దాన్ని తయారుచేసే గ్యాడ్67 గానీ స్టెయిన్ చేస్తే తేలిపోతుంది. కాల్‌బిండిన్ అనే ప్రొటీన్‌ది కూడా ఇదే గొడవ, రెండు మూడు పొరల్లో ఇంటర్‌న్యూరాన్లు కాని పిరమిడల్ కణాల్లోనూ పలచగా కనిపిస్తుంది. ఒక్క మార్కర్‌ని, అంటే కణాన్ని గుర్తుపట్టించే ఒక్క ప్రొటీన్‌ని, నమ్ముకుని కణానికి పేరు పెట్టేవాళ్లని చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

పాత పేపర్లతో పోల్చేటప్పుడు అది ఎలుకా (ర్యాట్), చిట్టెలుకా (మౌస్) అని చూసుకో. చిట్టెలుక కార్టెక్స్‌లో సొమాటోస్టాటిన్ కణాల్లో కొన్నిటికి కాల్‌రెటినిన్ కూడా ఉంటుంది, ఎలుకలో అలా కలవడం అరుదు. ఇక ఐదో రోజుకీ పదో రోజుకీ మధ్య లెక్క తగ్గితే మార్కర్ ఆరిపోయిందనుకోకు, ఆ రోజుల్లో ఇంటర్‌న్యూరాన్లు నిజంగానే చాలా చచ్చిపోతాయి.

చిట్టెలుక పిల్లల మెదడు చిన్నది, కణజాలాన్ని గట్టిపరిచే ఫార్మాల్డిహైడ్‌లో పెద్దవాటిని ఉంచినంతసేపు ఉంచకు. ఎక్కువసేపు నానితే యాంటీబాడీ అంటుకునే చోటు మూసుకుపోతుంది.

మీ గైడ్‌కి చూపించే ముందు బొమ్మ కింద “పార్వాల్బ్యుమిన్ కణాలు లేవు” అన్న మాట కొట్టేసి, “ఈ వయసులో ప్రొటీన్ కనబడలేదు” అని మార్చు. పద్నాలుగో రోజు సెక్షన్లు కోశాక ఐదో పొర ఫొటోలు ముందు పంపు.

ఆశీస్సులతో,
పెదనాన్న