కదిపాడా, కదిలిందా?

సందేహం: అమెరికా నాడీశాస్త్రవేత్త బెంజమిన్ లిబెట్ మెదడుపై చేసిన ప్రయోగం గురించి తెలుగులో వ్యాసం రాస్తున్నాను. మనిషి తనంతట తాను నిర్ణయించుకోగల శక్తిని 'స్వేచ్ఛ' అంటే చాలునా? మెదడు ముందే సిద్ధమవుతుందని తేలాక 'చెయ్యి కదిపాడు' అనడం మాని 'చెయ్యి కదిలింది' అనాలా?

సమాధానం: 'స్వేచ్ఛ' వ్యుత్పత్తి రీత్యా స్వ + ఇచ్ఛయే అయినా, పత్రికాస్వేచ్ఛ వంటి మాటల వల్ల నేటి వాడుకలో అది ఇతరుల అడ్డు లేకపోవడమనే అర్థంలో స్థిరపడింది. జైలులో ఉన్నవాడికి ఆ స్వేచ్ఛ లేకున్నా, నిరాహారదీక్ష పట్టాలని నిశ్చయించుకునే శక్తి ఉంటుంది. అందుచేత మీరు 'సంకల్పస్వేచ్ఛ' అనడం మేలు.

క్రియ సంగతి ఇంతకంటే లోతైనది. 1983లో ప్రచురితమైన ఆ ప్రయోగంలో పాల్గొన్నవారు తమకు తోచినప్పుడు చేతిని కదిపి, అలా తోచిన క్షణాన గడియారపు పలకపై తిరిగే చుక్క ఎక్కడుందో చెప్పారు. మెదడులో విద్యుత్ సన్నాహం కదలికకు సుమారు 0.55 సెకను ముందే మొదలైంది. కోరిక తమకు తెలిసిందని వారు చెప్పిన క్షణం మాత్రం కదలికకు సుమారు 0.2 సెకను ముందుది. ఆ క్షణానికి తెలుగులో సరైన మాట 'కదపాలనిపించింది'. ఇందులో మనిషి కర్త కాడు, 'నాకు' అని షష్ఠిలో ఉంటాడు. అనిపింపజేసినదేదో వాక్యం చెప్పదు. కోరిక మన ప్రమేయం లేకుండా పుట్టవచ్చునన్న సంగతికి మన భాష ఎప్పుడో చోటిచ్చింది. ఇక 'కదిలింది' అన్నారంటే, వణుకుజబ్బుతో కదిలిన చేతికీ అడిగినమీదట కదిపిన చేతికీ తేడా చెరిగిపోతుంది.

కారణం ఉన్నప్పుడు కర్త ఎలా అవుతాడని అడగవచ్చు. పాణిని 'స్వతంత్రః కర్తా' (స్వతంత్రుడే కర్త) అన్న వెంటనే, ఆ కర్తను ప్రేరేపించేవాణ్ణి హేతువన్నాడు. 'యజమాని వంటమనిషి చేత అన్నం వండించాడు' అన్నప్పుడు ప్రేరణ యజమానిదే, అయినా వంటమనిషి ప్రయోజ్యకర్తగా, అంటే ఇంకొకరి ప్రేరణతో పనిచేసేవాడిగా, కర్తే. ఇక్కడి స్వాతంత్ర్యం తక్కిన కారకాల (పనితో సంబంధమున్న కర్మ, కరణం వంటివాటి) కంటే ప్రధానంగా ఉండడమే తప్ప కారణాలు లేకపోవడం కాదు. విజ్ఞానశాస్త్రంతో సంకల్పస్వేచ్ఛకు పొత్తు కుదురుతుందనేవారి వాదం దీనికి చాలా దగ్గరగా ఉందని నా అభిప్రాయం. అయితే దీన్ని రుజువుగా వాడకండి. 'గాలి తలుపు తీసింది' అంటే వ్యాకరణంలో గాలీ కర్తే, దానికి సంకల్పం ఉందని ఎవరూ అనరు.

మీ వాక్యాన్ని ఇలా రాయవచ్చు: 'మెదడులో సన్నాహం మొదలైంది, క్షణం లోపే అతనికి చెయ్యి కదపాలనిపించింది, కదిపాడు.'