షార్ట్ ఫిల్మ్ ఓటీటీలోకి వెళ్లాలంటే డబ్బు కాదు, కాగితాలు కావాలి

ప్రశ్న: మాది నరసన్నపేట. మా అబ్బాయి బీఎస్సీ ఫైనలియర్. స్నేహితులతో కలిసి 24 నిమిషాల షార్ట్ ఫిల్మ్ తీశాడు. శ్రీకాకుళం కథానిలయంలో చదివిన ఒక కథను సినిమా చేశాడట. లక్షా పదివేలు ఖర్చయింది, అందులో సగం నా చీటీ డబ్బులే. ఇప్పుడు హైదరాబాద్ నుంచి ఒకాయన 60 వేలిస్తే పెద్ద ఓటీటీలో వేయిస్తానని వాట్సాప్‌లో ఫోన్‌పే నంబరు పంపాడు. ఇవ్వమంటారా? అసలు వీడికి ఈ రంగంలో దారి ఉందా? సినిమా లింకు కూడా పంపుతున్నాను.

జవాబు: ఆ 60 వేలు ఇవ్వకండమ్మా.

పెద్ద ఓటీటీలు సినిమా నచ్చితే వాళ్లే డబ్బిచ్చి కొనుక్కుంటాయి, లేదంటే జనం చూసినదాన్ని బట్టి వాటా ఇస్తాయి. మధ్యలో అగ్రిగేటర్లు అనే సంస్థలు ఉన్న మాట నిజమే. సినిమాను ఓటీటీలు అడిగినట్టు తయారుచేసి అందించి, వచ్చినదాంట్లో వాటా తీసుకుంటారు. కొందరు ఫీజు కూడా అడుగుతారు. అయితే సరైన వాళ్లు ముందు అగ్రిమెంటు పంపుతారు. ఏ ఓటీటీ, ఎన్నాళ్లలో, అక్కడ వద్దంటే ఫీజు వెనక్కి వస్తుందా లేదా అన్నవి అందులో ఉంటాయి. అగ్రిమెంటు కంటే ముందు ఫోన్‌పే నంబరు వచ్చిందంటే ఇక ఆలోచించాల్సింది లేదు.

నెట్‌ఫ్లిక్స్ ముక్కూ మొహం తెలియనివాళ్లు నేరుగా పంపేవి తీసుకోదు, తమకు తెలిసిన ఏజెంటో నిర్మాతో లాయరో తేవాలి. అమెజాన్ ప్రైమ్‌లో ఒకప్పుడు ఎవరైనా షార్ట్ ఫిల్మ్ పెట్టుకునే వీలుండేది, 2021 ఫిబ్రవరిలో ఆపేశారు. తెలుగులో కొంచెం ఆశ ఉంది. ఈటీవీ విన్ ‘కథా సుధ’ పేరుతో చిన్న చిత్రాలు వరుసగా వేసింది. ప్రసార భారతి 2024 నవంబర్‌లో వేవ్స్ అనే ఓటీటీ మొదలుపెట్టింది. ఒంటరిగా ఒక్క 24 నిమిషాల సినిమా అమ్ముడవడం మాత్రం కష్టం. అదే తీరు కథలు నాలుగైదు కలిపి ఒక కట్టగా చూపిస్తే వినేవాళ్లుంటారు.

సరే, రేపే ఎవరో తీసుకుంటామన్నారనుకోండి. మీవాడు ఇవ్వలేడు. కథ హక్కు వాడి దగ్గర లేదు.

కథానిలయం కథల్ని భద్రపరిచే చోటు, హక్కులిచ్చే చోటు కాదు. కథా రచయిత కాళీపట్నం రామారావు, అదే మన కారా మాస్టారు, 1997లో దాన్ని పెట్టింది చదువుకునేవాళ్ల కోసం. అక్కడ చదివిన కథ సినిమాగా తీయాలంటే రచయితను అడగాలి, ఆయన లేకపోతే వారసులను అడగాలి. రచయిత పోయాక కూడా 60 ఏళ్లు హక్కు ఉంటుంది. గురజాడ 1915లో కన్నుమూశారు కాబట్టి ఆయన కథ ఎవరైనా తీసుకోవచ్చు. 2021లో పోయిన కారా మాస్టారి కథకైతే 2081 చివరిదాకా అనుమతి కావాల్సిందే. సినిమా తీసేశాక వెళ్లి అడగడం ఇబ్బందే, అయినా వెళ్లమనండి. నేను చూసినంతలో మనవైపు రచయితలు కుర్రాళ్ల దగ్గర డబ్బుకు పట్టుబట్టరు, టైటిల్స్‌లో పేరు సరిగా పడిందా లేదా అని చూస్తారు. ఎటొచ్చీ నోటిమాట చాలదు. ఫలానా కథను ఫలానా పేరుతో షార్ట్ ఫిల్మ్‌గా తీసి, ఫెస్టివల్స్‌లో, యూట్యూబ్‌లో, ఓటీటీల్లో, ప్రపంచంలో ఎక్కడైనా, ఇన్నేళ్లపాటు చూపించుకోవచ్చు అని రాయించి సంతకం తీసుకోవాలి. ఏళ్లు రాయకపోతే చట్టం 5 ఏళ్లనే లెక్కేస్తుంది, ప్రాంతం రాయకపోతే మన దేశం వరకే.

రెండోది పాట. టీకొట్టు సీన్‌లో రేడియోలో పాత సినిమా పాట వినిపిస్తుంది. సీన్ బాగుంది, పాటే అడ్డం. సాహిత్యానికి, బాణీకి, రికార్డింగుకు వేర్వేరుగా హక్కులుంటాయి. అర నిమిషమే కదా అంటారు కుర్రాళ్లు. ఇన్ని సెకన్ల లోపు ఫ్రీ అనే రూలు ఎక్కడా లేదు. పాట తీసేసి, మీ చుట్టుపక్కల జముకుల కథ చెప్పే కళాకారుడితో ఓ చరణం కొత్తగా పాడించి, డబ్బిచ్చి, సంతకం తీసుకుంటే సీన్ ఇంకా మన ఊరిదిగా ఉంటుంది. మిగతా సంగీతం సంగతి తెలుసుకోవడానికి సినిమాను యూట్యూబ్‌లో ప్రైవేట్‌గా అప్‌లోడ్ చేసి చూడమనండి. ఎవరిదైనా కాపీరైట్ క్లెయిమ్ ఉంటే చాలావరకు అక్కడే బయటపడుతుంది.

మూడోది నిర్మాత ఎవరన్నది. చట్టం దృష్టిలో సినిమాకు కర్త నిర్మాతే, డైరెక్టర్ కాదు. మీవాళ్లు నలుగురూ తలా కొంత వేసుకుని ఏ కాగితమూ రాసుకోలేదు. సగం పెట్టుబడి పెట్టిన మిమ్మల్నేమో చివర్లో ‘కృతజ్ఞతలు’ కింద వేశాడు! ఒకరిని నిర్మాతగా తేల్చుకుని, మిగిలినవాళ్లు, నటీనటులు, కెమెరామన్, సంగీతం చేసిన అబ్బాయి సంతకాలు పెట్టాలి. స్నేహం బాగున్నప్పుడే ఆ పని కానివ్వండి.

అప్పటిదాకా యూట్యూబ్‌లో పబ్లిక్‌గా పెట్టొద్దు. ఒకసారి అందరికీ కనిపించిన సినిమాను కొన్ని ఫెస్టివల్స్ తీసుకోవు. ముంబై అంతర్జాతీయ చలనచిత్రోత్సవం (మిఫ్), కేరళలో జరిగే డాక్యుమెంటరీ-షార్ట్ ఫిల్మ్ ఫెస్టివల్, బెంగళూరు షార్ట్ ఫిల్మ్ ఫెస్టివల్ లాంటివాటికి పంపొచ్చు. నెలనెలా ఆన్‌లైన్‌లో అవార్డులు పంచేవాటికి ఫీజులు కట్టడం దండగ, ఆ లోగోలు చూసి ఎవరూ పిలవరు. ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ యాస తెలిసినవాళ్లే రాయాలి. ఓటీటీకి, యూట్యూబ్‌కి సెన్సార్ సర్టిఫికెట్ అక్కర్లేదు. థియేటర్లో వేయాలన్నా, జాతీయ అవార్డుకు పంపాలన్నా కావాలి.

ఓ ఏడాది చూసి ఏదీ కుదరకపోతే యూట్యూబే. అక్కడ ప్రకటనల డబ్బు రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, 12 నెలల్లో 4,000 గంటల వీక్షణ ఉండాలి. అంటే ఈ సినిమాను 10,000 మంది మొదటినుంచి చివరిదాకా చూడాలి. మీ చీటీ డబ్బులు అక్కడ తిరిగొస్తాయని నేను చెప్పను. కానీ సుజీత్, తరుణ్ భాస్కర్ లాంటి డైరెక్టర్లు షార్ట్ ఫిల్మ్‌ల నుంచి వచ్చినవాళ్లే. కొత్తవాళ్ల కోసం వెతికేవాళ్లు అక్కడ చూస్తారు.

ఇక మీవాడి దారి. సినిమా చూశాను. డైరెక్షన్ గురించి ఇప్పుడే ఏమీ అనలేను, ఎడిటింగ్ మాత్రం బాగుంది. బస్సు దిగిన తండ్రి ఇంటికెళ్లే నడకను మూడు షాట్లలో ముగించాడు, వేరేవాళ్లయితే రెండు నిమిషాలు నడిపించేవాళ్లు. ఎడిటర్‌కి పని దొరకడం డైరెక్టర్‌కి దొరికినంత కష్టం కాదు, పెళ్లి వీడియోల నుంచి వెబ్ సిరీస్‌ల దాకా అవసరమే. పుణె ఎఫ్‌టీఐఐ, కోల్‌కతా ఎస్‌ఆర్‌ఎఫ్‌టీఐ అనే ప్రభుత్వ సినిమా శిక్షణ సంస్థల్లో ఎడిటింగ్‌కు పీజీ కోర్సులున్నాయి. వాటిలో చేరాలంటే డిగ్రీ ఉండాలి. కాబట్టి సంతకాల కోసం తిరగడం పరీక్షలయ్యాక పెట్టుకోమనండి. హైదరాబాద్ ఆయనకు వద్దని మెసేజ్ మాత్రం ఈరోజే పెట్టించండి.