చీలిన బంపర్‌ను ఇంట్లో అతికించాలంటే ముందు దాని వెనక ఏం రాసుందో చూడండి

మీరు అడిగింది ఇదీ: ముందు బంపర్‌కు ఫాగ్ ల్యాంప్ దగ్గర జానెడు చీలిక వచ్చింది, మూలన ఫెండర్‌ను (ముందు చక్రం మీది రేకును) పట్టుకునే లాక్ విరిగింది. ఫెవిక్విక్ వారానికే విడిపోయింది, అరాల్డైట్ అట్టలా ఊడొచ్చింది. షాపువాళ్లు కొత్త బంపరే వేయించుకోమంటున్నారు. ఇంట్లో బాగుచేసుకునే దారి ఉందా?

ఉంది. జిగురు నకిలీదై ఊడలేదండీ. ఆ ప్లాస్టిక్‌కు మామూలు జిగుళ్లేవీ పట్టవు. ఇవాళ్టి కార్ల బంపర్లు ఎక్కువగా పాలీప్రొపిలీన్‌తోనే వస్తాయి. హోటల్ పార్సిల్ డబ్బాల అడుగున త్రికోణంలో 5 అని ఉంటుందే, ఆ జాతిదే. దాని మీద నీళ్లు పరచుకోవు, జిగురూ అంతే. పైగా బంపర్ వంగే వస్తువు, అరాల్డైట్ లాంటి ఎపాక్సీ గట్టిపడ్డాక వంగదు. అందుకే అట్టలా లేచొచ్చింది. దీన్ని కరిగించి అతకాలి.

కానీ కరిగించే ముందు అది నిజంగా ఏ ప్లాస్టికో తేల్చుకోండి. బంపర్ విప్పి వెనక్కి తిప్పితే బాణపు గుర్తుల మధ్య అక్షరాలు అచ్చుపోసి ఉంటాయి. పీపీ+ఈపీడీఎం-టీడీ20 అని ఉంటే పాలీప్రొపిలీన్‌లో రబ్బరు, 20 శాతం టాల్క్ పొడి కలిపారని అర్థం. గ్రిల్, అద్దం వెనక కప్పు లాంటివాటి మీద ఏబీఎస్ అనో, ఏఎస్ఏ అనో ఉంటుంది, అవి వేరే రకం గట్టి ప్లాస్టిక్‌లు. చక్రాల చుట్టూ ఉండే నల్లటి క్లాడింగ్ చాలావరకు పీపీయే. అక్షరాలు కనబడకపోతే వెనకవైపు ఒక చుక్క అసిటోన్ వేసి అర నిమిషం ఆగి వేలితో తాకండి. జిగటగా ఉంటే ఏబీఎస్ లేదా ఏఎస్ఏ. ఏమీ కాకపోతే పీపీ అయ్యే అవకాశమే ఎక్కువ. నీళ్లలో తేలితే పీపీ అని చెప్పే పరీక్షను మాత్రం బంపర్‌కు నమ్మకండి. ఉత్త పీపీ తేలుతుంది, దాని సాంద్రత 0.9. టాల్క్ 20 శాతం కలిస్తే నీటి సాంద్రత అయిన 1 దాటి మునిగిపోతుంది.

అతుకులో నింపడానికి అదే రకం ప్లాస్టిక్ కావాలి. పీపీలో ఏబీఎస్ కలవదు. వీడియోల్లో కేబుల్ టైలను కరిగించి బంపర్ చీలికలో నింపుతుంటారు. కేబుల్ టై నైలాన్, అది పీపీతో కలిసిపోదు. చూడ్డానికి నిండినట్టే ఉంటుంది, మొదటి స్పీడ్ బ్రేకర్‌కు గీతంతా తెరుచుకుంటుంది. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట్ల పాత బంపర్ ముక్క ఒకటి పట్టుకోండి. దాని వెనకా అవే అక్షరాలున్నాయో లేదో చూసి, పెయింటు పూర్తిగా గీకేసి, 4 మిల్లీమీటర్ల వెడల్పున పుల్లలుగా కోసుకుంటే చాలు.

మిగతా సరంజామా పెద్దదేం కాదు. చదునైన మొన ఉన్న 60 వాట్ల సాల్డరింగ్ ఐరన్ (25 వాట్లది చాలదు, సీసం అంటిన పాత మొన వద్దు), అడుగు పొడవు స్టెయిన్‌లెస్ స్టీల్ దోమల జాలి, అల్యూమినియం ఫాయిల్ టేపు, 3 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్, ఉప్పు కాగితం 120, 180, 320, 600 నంబర్లు. హాట్ స్టేప్లర్ (పిన్నును వేడిచేసి ప్లాస్టిక్‌లోకి దించే గన్) దొరికితే మరీ మంచిది. బంపర్‌కు 0.8 మిల్లీమీటర్ల పిన్నులు, పలచటి ట్రిమ్‌కు 0.6.

ముందు సబ్బు నీళ్లతో రెండువైపులా కడిగి ఆరనివ్వండి. తర్వాత ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి. రుద్దడం ఆ తర్వాతే. ఈ వరస తిరగబడితే పాలిష్‌లోని సిలికోన్‌ను ఉప్పు కాగితంతో లోపలికి రుద్దినట్టే. అది పెయింటు వేసేటప్పుడు చేపకళ్లలాంటి గుంటలై బయటపడుతుంది.

చీలిక ఎక్కడ ఆగిందో కొద్దిగా వంచి చూసి, ఆ చివరన 3 మిల్లీమీటర్ల రంధ్రం వేయండి. చీలిక మొన సూదిలా ఉన్నంతకాలం అదురు మొత్తం అక్కడే చేరి ముందుకు చీల్చుకుంటూ పోతుంది. గుండ్రటి రంధ్రం దగ్గర ఆ బలం చుట్టూ పంచుకుపోతుంది. చాలామంది వదిలేసే పని ఇదే. అతుకు పక్కనే కొత్త గీత రావడానికి కారణమూ ఇదే.

ఇప్పుడు రెండు అంచులనూ ముందువైపు సమంగా కలిపి, ఫాయిల్ టేపుతో బిగించండి. మాస్కింగ్ టేపు వేడికి జారిపోతుంది. బంపర్ వంకర తిరిగి ఉంటే బాగా కాగిన నీళ్లు పోసి మెత్తబడ్డాక చేత్తో సరిచేయండి. అంచులు కలవకుండా అతుకు వేస్తే దాన్ని ఏ పుట్టీ కాపాడలేదు. రెండు అంచులూ ఒక మట్టానికి వచ్చాయని గోరు అడ్డంగా గీసి చూసుకుని అప్పుడు ముందుకు వెళ్లండి.

బలమంతా వెనకవైపు నుంచే రావాలి. వెనక చీలిక పొడవునా వీ ఆకారంలో గాడి తియ్యండి. బంపర్ మందం దాదాపు 3 మిల్లీమీటర్లు ఉంటుంది కాబట్టి లోతు సగం, పైన వెడల్పు 6 మిల్లీమీటర్లు చాలు. పుల్లను గాడిలో ఆనించి, ఐరన్ మొనతో పుల్లనూ గాడి గోడలనూ కలిపి కరిగించండి. పుల్ల ఒక్కటే కరిగి చల్లటి గోడ మీద పడితే అది అతుకు కాదు, పూత. సరిగ్గా కరిగిన ప్లాస్టిక్ నిగనిగలాడుతుంది, పుల్ల కొసతో తాకి లాగితే తీగపాకంలా సాగుతుంది. పొగ లేస్తోందంటే మాడుతోంది. మాడింది చల్లారాక బెల్లం అచ్చులా పుటుక్కున విరుగుతుంది. ఉష్ణోగ్రత పెట్టుకునే ఐరన్ అయితే 260 నుంచి 300 డిగ్రీల మధ్య ఉంచి తునక మీద చూసుకోండి. కిటికీలు తెరిచి, మాస్కు పెట్టుకునే చేయండి.

రెండు అంగుళాలు అతికాక ఆగి, చల్లారనిచ్చి, అంచున బ్లేడుతో లేపి చూడండి. కరిగించి నింపిన పూస మొత్తంగా లేచి, అడుగున అద్దంలా నున్నగా కనిపిస్తే అది కలవలేదు. తీసేసి మళ్లీ వేయాలి. బ్లేడు ప్లాస్టిక్‌ను చెక్కుతూ పోయిందే తప్ప పూస లేవలేదంటే పట్టింది.

గాడి నిండాక దాని మీద అంగుళం వెడల్పు జాలి పట్టీ పరిచి, ఐరన్‌తో నొక్కుతూ దించండి. జాలి కన్నాల్లోంచి ప్లాస్టిక్ నువ్వు గింజల్లా పైకి ఉబకాలి. ఆ గింజలు ఒకదానితో ఒకటి కలిసేదాకా కరిగించి, పైన మరో పలచటి పొర వేయండి. జాలి తీగ బయటికి కనబడుతుంటే లోపలికి దిగలేదన్నట్టు. పూర్తిగా చల్లారే దాకా బంపర్‌ను వంచకండి, నీళ్లు చల్లకండి.

స్టేప్లర్ వాడేవాళ్లు మొదటి పిన్ను చీలిక మొదలైన అంచు దగ్గర వేయాలి. చీలిక ఎప్పుడూ అక్కడి నుంచే తెరుచుకుంటుంది. ఆ తర్వాత ప్రతి 15-20 మిల్లీమీటర్లకు ఒకటి, ఒకటి ఇటు వాలుగా, ఒకటి అటు వాలుగా. పిన్ను మందంలో సగానికే దిగాలి, ముందువైపు దాని అచ్చు కనబడకూడదు. బటన్ వదిలాక వెంటనే గన్ లాగితే పిన్ను దానితో వచ్చేస్తుంది. పదిహేను సెకన్లు అలాగే పట్టుకోండి.

అడాస్ (రాడార్, కెమెరాలతో డ్రైవర్‌కు సాయపడే వ్యవస్థ) ఉన్న కారైతే ఒక్క మాట గట్టిగా చెప్పాలి. బంపర్ వెనక రాడార్ ఉన్న భాగంలో జాలి, పిన్నులు, మందపు పుట్టీ ఏదీ వద్దు. లోహం రాడార్ తరంగాలను ఆపేస్తుంది, దాంతో ముందున్న బండిని అది తప్పుగా చదవొచ్చు. చీలిక అక్కడే ఉంటే బంపర్ మార్చడమే సరైన పని.

లాక్ సంగతి. ముందు ఫెండర్ అంచున బంపర్‌ను పట్టుకునే సైడ్ బ్రాకెట్టు విరిగిందేమో చూడండి. అది విడిగా దొరుకుతుంది, చవక కూడా, దాన్ని అతికించే శ్రమ అనవసరం. విరిగింది బంపర్ మీది లాకే అయితే పాత ముక్కలోంచి అదే మందంలో పట్టీ కోసి, మొదలు దగ్గర కనీసం 30 మిల్లీమీటర్లు బంపర్ మీద పరుచుకునేలా పెట్టి, జాలితో రెండువైపులా అతకండి. టేబుల్ మీద కొలత తీసి అతికిస్తే 2 మిల్లీమీటర్లు తేడా వచ్చి, ఫెండర్ దగ్గర సందు నోరు తెరుస్తుంది. బంపర్‌ను కారుకు పెట్టి, రెండుచోట్ల చుక్క అతుకు వేసి, విప్పి పూర్తిగా అతకండి. లాక్ విరిగిందని ఫెండర్ రేకులోంచి స్క్రూ కొట్టించుకోవద్దు. ఆ రంధ్రం అంచున పెయింటు లేచి తుప్పు మొదలవుతుంది. వందల్లో పోయే పని వేలల్లోకి వెళ్తుంది.

ముందువైపు చేసేది అందం కోసం. టేపు తీసి, సన్నగా గాడి తీసి, పుల్లతో నింపి, ఎత్తుగా ఉన్నదాన్ని పదునైన బ్లేడుతో చెక్కండి. పీపీని రుద్దితే నూగు లేస్తుంది, కొత్త కాగితం వాడితే తగ్గుతుంది. 120తో మొదలుపెట్టి 320 దాకా రండి. ఇక్కడ పీపీ మళ్లీ అదే పేచీ పెడుతుంది, పుట్టీ అంటదు. ప్లాస్టిక్ అడ్హీషన్ ప్రమోటర్ (పుట్టీ, పెయింటు అంటుకునేలా ముందు కొట్టే స్ప్రే) పలచగా కొట్టి, డబ్బా మీద రాసినంత సేపు ఆగి, వంగే రకం బంపర్ పుట్టీ వేయండి. రేకుకు వేసే మామూలు పుట్టీ బంపర్ మీద బిళ్లలుగా పగులుతుంది. రుద్దుతుంటే మళ్లీ ఎక్కడ నల్ల ప్లాస్టిక్ బయటపడితే అక్కడ మళ్లీ ప్రమోటర్. తర్వాత ప్రైమర్ రెండు పలచటి పొరలు, 600తో నీళ్లు పోసి రుద్దడం, రంగు, దాని మీద క్లియర్ కోటు (రంగులేని మెరుపు పూత).

తెల్లటి సాలిడ్ రంగు అయితే స్ప్రే డబ్బాతో ఇంట్లో బాగానే వస్తుంది. సిల్వర్, పెర్ల్ రంగుల్లో మాత్రం ముక్క టచప్ తప్పకుండా మచ్చలా కనబడుతుంది. అతుకు మీరు వేసుకుని, పెయింటు వరకు షాపులో బంపర్ మొత్తానికి కొట్టించుకోవడం మేలు. గరుకు నల్ల క్లాడింగ్‌కు ముందువైపు పుట్టీ జోలికే పోకండి, ఆ గరుకు మళ్లీ రాదు. వెనక అతికి, ముందు సన్నని గీత ఉండనివ్వండి.

మీ గ్రిల్ కూడా విరిగి, అది ఏబీఎస్ అయితే పని సులువు. ఏబీఎస్ తునకలు ఒక వంతు, అసిటోన్ రెండు మూడు వంతులు గాజు సీసాలో వేసి మూత బిగించి రాత్రంతా ఉంచితే తేనెలా చిక్కబడుతుంది. దగ్గర్లో మంట ఉండకూడదు. అంచులకు పలచగా రాసి కలిపి, 24 గంటలు కదపకండి. ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది కాబట్టి ఒకేసారి మందంగా కాక రెండు మూడు పొరలుగా వేయాలి. క్రోమ్ పూత ఉన్నచోట గీకేయకపోతే అసిటోన్ లోపలికి దిగదు.

ఇన్సూరెన్స్‌కు పెట్టే ముందు లెక్క వేసుకోండి. జీరో డిప్రిసియేషన్ (తరుగు కోయని అదనపు కవర్) లేని పాలసీలో ప్లాస్టిక్ భాగాలకు 50 శాతం తరుగు కోస్తారు. దానిపైన 1500 సీసీ దాకా కార్లకు 1000 రూపాయలు, అంతకు మించితే 2000 తప్పనిసరిగా మన జేబులోంచే. నో క్లెయిమ్ బోనస్ కూడా పోతుంది. జానెడు చీలికకు అది గిట్టుబాటు కాదు. లాకులన్నీ పోయి, ముక్కలు రాలిపోయి, వెనకున్న ఇనుప బీమ్ కూడా వంగితే అది వేరే లెక్క, అప్పుడు క్లెయిమే పెట్టండి.

ఈ పద్ధతిని లోపలి ట్రిమ్ అన్నింటికీ వాడొద్దు. కిటికీ స్తంభాల మీది కవర్ల మీద ఎయిర్‌బ్యాగ్ అనో, ఎస్ఆర్ఎస్ అనో రాసుంటే వాటిని అతకకండి, కొత్తవే వేయించండి. ఎయిర్‌బ్యాగ్ విచ్చుకునేటప్పుడు ఆ కవర్ ఎలా తెరుచుకోవాలో కంపెనీ లెక్కగట్టి చేసింది. అతికిన ముక్క ఊడి మొహానికి తగలొచ్చు.

బంపర్ తిరిగి పెట్టేటప్పుడు దాన్ని పట్టి ఉంచే ప్లాస్టిక్ క్లిప్పులను, అంటే పాత పుష్ పిన్నులను వాడకండి, విప్పినప్పుడే వాటి పట్టు పోతుంది. డజను కొత్తవి తెచ్చుకోండి. అన్నీ చేత్తో వదులుగా పెట్టి, రెండు ఫెండర్ల దగ్గరా సందు సమంగా వచ్చిందని చూశాకే ఒత్తండి. ఫాగ్ ల్యాంప్, పార్కింగ్ సెన్సర్ సాకెట్లు కలిపి, లైటు వెలుగుతోందని చూసుకున్నాకే కింది షీల్డ్ స్క్రూలు బిగించండి.