నాలుగు మొక్కలు లీగలే తమ్ముడూ, కానీ ఇల్లు నీది కాదు కదా

మొన్న విక్టోరియా డే లాంగ్ వీకెండ్‌కి మా ఇంటికొచ్చిన కుర్రాడు, స్టడీ పర్మిట్ మీద వచ్చి ఎనిమిది నెలలైంది, భోజనాలయ్యాక నన్ను గ్యారేజీలోకి లాక్కెళ్ళి మెల్లిగా అడిగాడు. అన్నా ఇక్కడ ఇంట్లో గంజాయి మొక్క పెంచుకోవచ్చంట కదా, నిజమేనా, నాకేమన్నా అవుద్దా అని. వాళ్ళమ్మకి చెప్పనని ఒట్టేస్తే గానీ నోరు విప్పలేదు. ఈ ప్రశ్న ఈమధ్య చాలామంది అడుగుతున్నారు కాబట్టి నాకు తెలిసింది రాస్తున్నా, నేనుండేది ఆంటారియోలో, నేను చెప్పేదీ ఇక్కడి సంగతే.

నిజమే, లీగలే. 2018 అక్టోబర్ 17 నుంచి కెనడా మొత్తం గంజాయి చట్టబద్ధం. ఆంటారియోలో 19 నిండితే కొనొచ్చు, బయట 30 గ్రాముల ఎండు సరుకు దాకా దగ్గర పెట్టుకోవచ్చు, ఇంట్లో నాలుగు మొక్కలు పెంచుకోవచ్చు. ఇక్కడే మనోళ్ళు పప్పులో కాలేస్తారు, నాలుగనేది ఇంటికి, మనిషికి కాదు. ఒక ఇంట్లో ఆరుగురు కుర్రాళ్ళుంటే ఇరవైనాలుగు కాదు, ఆరుగురికీ కలిపి ఆ నాలుగే. రేపు ఉద్యోగమొచ్చి మాంట్రియల్ వెళ్తే అది కూడా లేదు, అదుండే క్యుబెక్ రాష్ట్రంలో ఒక్క మొక్క కూడా వెయ్యకూడదు, 2023లో సుప్రీంకోర్టు కూడా వాళ్ళ నిషేధం చెల్లుతుందనే చెప్పింది, పైగా అక్కడ కొనాలన్నా 21 నిండాలి.

సరే లీగల్ అయితే నేనెందుకు వద్దంటున్నా అంటే, చట్టం ఒప్పుకున్నా నీ లీజు ఒప్పుకోవాలి కదా. సంతకం పెట్టేటప్పుడు ఎవడు చదివాడు, నేనూ చదవలా మొదట్లో. చాలా లీజుల్లో పొగ తాగొద్దు, గంజాయి పెంచొద్దు అని రాసే ఉంటది, కాండోలైతే, అంటే అపార్ట్‌మెంట్లైతే, బిల్డింగ్ రూల్స్ వేరే. బేస్‌మెంట్‌లో ఉండేవాడికి ఇంకో బాధ, వాసన. పూత మొదలయ్యాక ఆఖరి నెల ఆ మొక్క వాసన మామూలుగా ఉండదు, పోపు వాసన రాకుండా స్నానాల గది ఫ్యాన్ కూడా వేసి కూర వండుకున్న బ్యాచ్ మనం, ఇది దాస్తానంటే ఎలా. మా పాత ఇంట్లో కింద ఉండే అబ్బాయి టెంటూ లైట్లూ పెట్టాడు, గోడకి నల్లగా బూజు పట్టింది, కరెంటు బిల్లు చూసి పైనున్న ఓనర్ దిగొచ్చాడు, చలికాలంలో మూటాముల్లె సర్దుకోవాల్సొచ్చింది. డిపాజిట్ గొడవ ఇప్పటికీ తెగలేదంట.

ఇంకా పెంచి తీరతానంటే, ఓనర్ దగ్గర కాగితం మీద పర్మిషన్ తీసుకుని, గింజలు లైసెన్స్ ఉన్న షాపులోనే కొను, ఫెమినైజ్డ్ అని ఉన్నవి, అంటే ఆడ మొక్కలే వచ్చేవి, లేకపోతే సగం మగ మొక్కలొచ్చి మిగతావాటిని గింజ కట్టించేస్తాయి. ఆరుబయట అయితే మే నెలాఖరుకి మంచు భయం పోయాక నాటాలి. ఆగస్టులో పగలు తగ్గే కొద్దీ పూత మొదలవుద్ది, సెప్టెంబర్ చివర, అక్టోబర్‌లో కోత. కొత్తగా పెంచేవాళ్ళు చేసే తప్పు ఒక్కటే, రోజూ చెంబుడు నీళ్ళు పొయ్యటం, పైమట్టి ఆరిందో లేదో వేలు పెట్టి చూసి పొయ్యాలి. అక్టోబర్ వానలకి మొగ్గ లోపల కుళ్ళుద్ది, బయటికి కనపడదు, విప్పి చూస్తే బూడిద రంగు నూగు, అది పారెయ్యాల్సిందే, కక్కుర్తి పడి దాచుకోవద్దు. అంటే ఐదు నెలలు ఒకే చోట ఉండాలి. నువ్వేమో సెమిస్టర్‌కో ఇల్లు మారతావ్!

మొక్కంటే గుర్తొచ్చింది, సొంతిల్లు కొన్న కొత్తలో పెరట్లో గోంగూర వేశా. కొన్ని గోంగూర రకాల ఆకు వేళ్ళు చాపినట్టు చీలి ఉంటది కదా, అచ్చం గంజాయి ఆకే, అందుకే దానికి శాస్త్రీయ నామం కూడా హైబిస్కస్ కెనాబినస్ అని పెట్టారు. ఫెన్స్ మీంచి పక్కింటి పెద్దాయన ఎన్ని వేశావని అడిగితే గర్వంగా పాతిక దాకా ఉన్నాయ్, కావాలంటే నీకూ ఓ కట్ట కోసిస్తా అన్నా. పాపం ఆయన మొహం చూడాలి. తర్వాత పచ్చడి చేసి గిన్నెతో పట్టుకెళ్ళి చూపిస్తే గానీ నమ్మలేదు.

అసలు భయపడాల్సింది మొక్క గురించి కాదు, మిగతావాటి గురించి. నీ చేతిలో ఉన్నది జీ2 లైసెన్స్, పూర్తి లైసెన్స్‌కి ముందు కొత్త డ్రైవర్లకిచ్చేది, దాని మీద గంజాయికి జీరో టాలరెన్స్, రాత్రి కొంచెం తాగి పొద్దున్నే డెలివరీకి బండి తీశావనుకో, ఒంట్లో ఆనవాళ్ళు ఇంకా ఉంటాయి. మత్తులో బండి నడిపిన కేసుకి 2018 డిసెంబర్ నుంచి గరిష్ట శిక్ష పదేళ్ళు చేశారు, పదేళ్ళ శిక్ష పడే నేరమంటే ఇమిగ్రేషన్ లెక్కలో సీరియస్ క్రిమినాలిటీ కింద వస్తది, నీకు కోర్టులో పడింది జరిమానా మాత్రమే అయినా సరే. సిటిజన్‌కి అదొక కేసు, నీకు పీఆర్, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి, ఆ కలే పోద్ది. పండింది ఎక్కువైందని ఫ్రెండ్స్‌కి అమ్మటం కూడా నేరమే, ఊరికే ఇవ్వొచ్చు, అదీ పెద్దవాళ్ళకే.

బోర్డర్ సంగతి ఇంకా ఘోరం. నయాగరా అటువైపు నుంచి చూద్దామని కార్లో బయల్దేరతారు, బ్రిడ్జి దాటితే అమెరికా, అక్కడ న్యూయార్క్ రాష్ట్రంలో లీగలే గానీ బోర్డర్ ఫెడరల్ వాళ్ళది, వాళ్ళ చట్టంలో ఇంకా నిషేధమే. వాడానని నీ నోటితో ఒప్పుకుంటే చాలు వీసా ఉన్నా లోపలికి రానివ్వకపోవచ్చు, అబద్ధం చెప్తే అది ఇంకో పెద్ద తప్పు. కెనడా వైపు నుంచి కూడా ఒక్క గ్రాము బోర్డర్ దాటించకూడదు, అటైనా ఇటైనా.

ఇండియా సంగతి చెప్పక్కర్లేదు, మాదకద్రవ్యాల మీద ఎన్డీపీఎస్ చట్టం 1985 నుంచి ఉంది, మొక్క పెంచితేనే పదేళ్ళ దాకా. ఇక్కడ లీగల్ షాపు రసీదు చూపిస్తానంటే శంషాబాద్‌లో ఎవరూ వినరు. ఇంట్లో ఎవరు పెంచినా, ఎవరు తాగినా, టికెట్ బుక్ చేసుకున్నాక బ్యాగు మొత్తం బోర్లించి దులుపు, గంజాయి కలిపిన గమ్మీల (జెల్లీ మిఠాయిల) డబ్బా ఏమన్నా ఉందేమో చూసుకో, వింటర్ జాకెట్ లోపలి జేబు కూడా.