కొండ ఊరి కరెంటుకు ప్రాణం కాలువలోనే ఉంది

పర్వత గ్రామాలు సొంత జల విద్యుత్ కేంద్రాలను తరతరాలుగా ఎలా నడుపుకుంటాయి, యంత్రం పాతబడితే ఏం చేస్తాయి అని అడిగారు. నేపాల్‌లోని బాగ్లుంగ్ జిల్లాలో రెండేళ్లు టర్బైన్ల మరమ్మతు పని చేశాను. అక్కడ కళ్లారా చూసిందే చెబుతాను.

యంత్రం గురించి అంత బెంగ అక్కర్లేదు. బుట్వల్, కాఠ్మాండూ వర్క్‌షాపుల్లో టర్బైన్లు దశాబ్దాలుగా తయారవుతున్నాయి. సెకనుకు 50 లీటర్ల నీరు 60 మీటర్ల ఎత్తు నుంచి దిగితే, నష్టాలు పోను సుమారు 15 కిలోవాట్లు చేతికి వస్తాయి. చిన్న ఊరి దీపాలకు, ఒక పిండిమరకు అది చాలు. ఊరికి నిద్ర లేకుండా చేసేది ఆ నీటిని వాగు నుంచి తెచ్చే కాలువ. వానాకాలంలో కొండచరియ జారి ఏ రాత్రి ఎక్కడ తెగుతుందో ఎవరూ చెప్పలేరు. నీటిలోని ఇసుక అడుగున పేరుకునేలా కాలువ దారిలో కట్టే ఇసుక తొట్టి నిండినా పట్టించుకోకపోతే ఆ ఇసుక నీటితోపాటు దిగి టర్బైన్ చక్రం దొప్పలను ఆకురాయిలా అరగదీస్తుంది. నేను విప్పిన చక్రాల్లో అంచులు కాగితంలా పలచబడినవే ఎక్కువ.

నేనున్న ఊళ్లో వానలకు ముందు ఇంటికొకరు పార పట్టుకుని వచ్చి పూడిక తీసేవారు. రాని ఇంటివారు ఆ రోజు కూలి డబ్బు కట్టాలి. ఈ కట్టుబాటు కరెంటుతో పుట్టింది కాదు. పొలాలకూ, నీటితో తిరిగే తిరగళ్లకూ (అక్కడ వాటిని ఘట్ట అంటారు) కాలువలు తవ్వుకున్న తాతల నాటిది. నీరటి చెరువు నీళ్లు వదిలే ఊళ్లలో పెరిగిన మనకు దీన్ని విడమరచి చెప్పక్కర్లేదు.

దీపాల బిల్లు ఆపరేటరు జీతానికే సరిపోయేది. పగలు మర ఆడితేనే బేరింగులకు, బెల్టుకు నాలుగు రూపాయలు మిగిలేవి.

అసలు దెబ్బ ఇంకోవైపు నుంచి తగిలింది. ఆపరేటరు ఖతర్ వెళ్లిపోయాడు. నాది జగిత్యాల, ఆ వలస ఏమిటో నాకు తెలుసు. గేటు ఎన్ని చుట్లు తిప్పాలో, ఏ శబ్దం వినిపిస్తే యంత్రం ఆపాలో అతనికొక్కడికే తెలుసు. ఆరు వారాలు ఊరంతా చీకటి. చివరికి అతని వదిన ముందుకొచ్చి పని నేర్చుకుంది. ఇసుక తొట్టిని ఆమె చూసుకున్నంత శ్రద్ధగా అంతకుముందు ఎవరూ చూసుకోలేదు. ఇకపై ఎప్పుడూ కనీసం ఇద్దరికి పని వచ్చి ఉండాలని ఆ ఏడాదే కమిటీ తీర్మానించింది.

జాతీయ గ్రిడ్ లైను ఊరికి వచ్చాక చాలా కేంద్రాలు మూలపడ్డాయి. ఆ మాట చెప్పాలంటే ఇప్పటికీ బాధే. అయితే 2018లో నువాకోట్ జిల్లా స్యౌరేభూమిలోని 23 కిలోవాట్ల కేంద్రాన్ని ఆ గ్రిడ్‌కే కలిపారు, కరెంటు అమ్ముకునేలా. బాగ్లుంగ్‌లో అంతకుముందే ఆరు చిన్న కేంద్రాలను ఒకే లైనుకు కలిపారు.

మీరు ఎక్కడైనా ఇలాంటి కేంద్రం పెట్టాలనుకుంటే టర్బైన్ ధర అడగడానికి ముందు, ఒక జడివాన మర్నాడు కాలువ వెళ్లే దారి పొడవునా నడిచి చూడండి. ఆ ఊరి పెద్దవాళ్లలో ఒకరిని వెంట తీసుకెళ్లండి.