షవర్ కారితే మిక్సర్ మొత్తం మార్చాలా?

ప్రశ్న: అద్దె ఇంట్లో పాత వాల్ మిక్సర్ ఉంది, వేడినీళ్లకూ చన్నీళ్లకూ వేర్వేరు నాబ్‌లు. రెండూ బిగించి కట్టేసినా షవర్ రాత్రంతా కారుతోంది. మిక్సరే మార్చాలంటున్నాడు ప్లంబర్. తక్కువలో తేలదా?
– ఓ పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: చాలాసార్లు తేలుతుంది. కట్టేశాక పది నిమిషాలు కారి ఆగితే అది షవర్‌లో నిలిచిన నీరే, వదిలేయండి. గంట దాటినా పడుతుంటే లోపలి రబ్బరు వాషర్ అరిగినట్టు.

ఏ వైపుదో ముందు తేల్చుకోండి. గీజర్ స్విచ్ ఆపి, దానికి నీళ్లు వెళ్లే యాంగిల్ కాక్ కట్టేసి అరగంట చూడండి. కారడం ఆగితే వేడినీళ్ల వైపే. వేడికి రబ్బరు బిరుసెక్కి ముందు అదే పోతుంది.

ఇక ట్యాంకు గేట్ వాల్వ్ కట్టేసి, కింది కుళాయి తిప్పి పైపులో నీళ్లు దించేయండి. స్క్రూ జారిపోకుండా నేల జాలీ మీద గుడ్డ పరవండి. నాబ్ మీది మూత లేపి స్క్రూ తీస్తే నాబ్ ఊడుతుంది. ఉప్పునీళ్ల గార కట్టి నాబ్ రాకపోతే వెనిగర్‌లో తడిపిన గుడ్డ అరగంట చుట్టి ఉంచండి. నాబ్ కింద కనిపించే కడ్డీయే స్పిండిల్, దాన్ని సగం తెరిచిన స్థితిలో పెట్టి స్పానర్‌తో ఎడమకు తిప్పండి. రెండో చేత్తో మిక్సర్‌ను కదలకుండా పట్టుకోవాల్సిందే. అది మెలి తిరిగితే గోడలోని పైపు విరుగుతుంది, అప్పుడు టైల్స్ పగలగొట్టాలి.

స్పిండిల్ చివర వాషర్ ఉంటుంది. కొత్తది పది ఇరవై రూపాయలకు మించదు. స్పిండిల్ మరలు కూడా అరిగితే స్పిండిలే మార్చండి. పాతదాన్నీ నాబ్‌నూ రెండింటినీ షాపుకు తీసుకెళ్లండి. 'హాఫ్ ఇంచ్' అని మాత్రమే అడిగి తెచ్చుకుంటే స్పిండిల్ పళ్లు నాబ్ లోపలి పళ్లతో కలవక నాబ్ కూర్చోదు.

బిగించేముందు లోపల వాషర్ ఆనే సీటును వేలితో తడమండి. గుంటలు తగిలితే కొత్త వాషర్ కొన్నాళ్లకే తెగుతుంది. ప్లంబర్ దగ్గర సీటు కటర్ ఉంటే నున్నగా చేయించండి. అదీ కుదరకపోతే మిక్సర్ మార్చాలన్న మాట నిజమే, ఆ ఖర్చు ఓనరుతో మాట్లాడండి.

ప్రశ్న: మాకు షవర్ కాదు, నాబ్ మొదలు దగ్గర నీళ్లు ఊరుతున్నాయి. టేప్ చుట్టినా ఆగలేదు.

జవాబు: పైన చుట్టిన టేప్ ఆపదు. నాబ్ తీసి, స్పిండిల్ చుట్టూ ఉన్న గ్లాండ్ నట్‌ను కుడికి కొద్దిగా, ఎనిమిదో వంతు తిప్పండి. అతిగా బిగిస్తే నాబ్ తిరగదు. అప్పటికీ ఊరితే నట్ విప్పి, గ్రీజు రాసిన నూలుదారం స్పిండిల్‌కు రెండు మూడు చుట్లు చుట్టి మళ్లీ బిగించండి. ఓ-రింగ్ ఉన్న రకమైతే ఆ రింగే మార్చాలి.