పికప్ బండి హౌసింగ్ ఆయిల్ ఇంటి దగ్గరే మార్చుకోవచ్చా, షెడ్డుకే ఇవ్వాలా?

మార్చుకోవచ్చు. హౌసింగ్ అంటే వెనక ఇరుసు మధ్యలో గేర్లుండే గుండ్రటి డబ్బా. దాని ఆయిల్ మార్చడం ఇంజిన్ ఆయిల్ కన్నా సులువు, ఫిల్టర్ గొడవ కూడా ఉండదు. ఒక్క మాట ముందే చెప్తాను, మిగతాది చదవకపోయినా ఫర్వాలేదు. పైనున్న నింపే బోల్టు ఊడి చేతికొచ్చేదాకా కింది డ్రెయిన్ బోల్టు జోలికి పోవద్దు. ఆయిలంతా కార్చేశాక పైది మొండికేసిందంటే బండి ఉన్నచోటే ఉంటుంది, షెడ్డుకు తోలుకుపోవడానికి కూడా వీలుండదు.

ఊరికే చెప్పడం లేదు. మా చిన్నాన్నకు నార్పల దగ్గర చీనీ తోట ఉంది, కాయలు అనంతపురం మార్కెట్‌కు తన పికప్‌లోనే తోలుతాడు. పోయిన వానాకాలం వంక పారుతుంటే లోడుతోనే దాటించాడు, చక్రాలు సగం దాకా మునిగాయంట. కొన్నాళ్లకు బండి 50, 60 స్పీడు అందుకుంటే చాలు, వెనక నుంచి ఒకటే మూలుగు. షెడ్డుకు తీసుకుపోతే బండి కిందికి కూడా దూరకుండా "క్రౌన్ పినియన్ పోయిందప్పా, సెట్టు మార్చాల్సిందే" అన్నారట. క్రౌన్ పినియన్ అంటే ఆ హౌసింగ్ లోపల చక్రాలను తిప్పే పెద్ద, చిన్న పళ్లచక్రాల జత. దాని రేటు వినేసరికి ఆయనకు టెన్షన్ పట్టుకుని బండి నేరుగా మా ఇంటి ముందుకు తెచ్చి పెట్టాడు.

కింద పడుకుని చూస్తే నింపే బోల్టు తల మూలలన్నీ అరిగి గుండ్రంగా ఉంది. ఎవరో సైజు కాని పానా వేసి, దానికి పైపు తగిలించి మరీ బిగించినట్టున్నారు. అదేమన్నా చక్రం నట్టా, అంత బలం చూపించడానికి? డీజిల్ రాసి రాత్రంతా నానబెట్టి, పొద్దున పైప్ రెంచి పట్టించి సుత్తితో తట్టగా తట్టగా కిర్రుమని కదిలింది. అప్పుడు కిందిది విప్పాం. వచ్చింది ఆయిల్ కాదు, పాలెక్కువైన టీ రంగులో చిక్కటి నురుగు. పైగా గంధకం కంపు. కంపు మాత్రం మామూలే, గేర్ ఆయిల్లో కలిపే మందుల్లో గంధకం ఉంటుంది. ఆ రంగే మామూలు కాదు, నీళ్లు కలిస్తేనే అట్లా అవుతుంది. డ్రెయిన్ బోల్టు కొనకున్న అయస్కాంతానికి బూడిద రంగు పేస్టు మందంగా పట్టుకుని ఉంటే వేళ్ల మధ్య నలిపి చూశాను, పలుకులు తగల్లేదు. అంటే పళ్లు విరగలేదు. మెత్తటి పేస్టు ఏ బండికైనా ఉండేదే, ముక్కలు తగిలితేనే భయపడాలి.

నీళ్లెట్లా పోయాయంటారా? హౌసింగ్ పైన చిన్న బ్రీదర్ ఉంటుంది, లోపలి గాలి వేడెక్కితే బయటికి పోవడానికి. లోడుతో తిరిగి కాలిపోతున్న హౌసింగ్ ఒక్కసారిగా వంక నీళ్లలో దిగితే లోపలి గాలి చల్లబడి కుంచించుకుపోయి, ఏ సందు దొరికితే ఆ సందులోంచి నీళ్లు లాగుతుంది. చిన్నాన్న బండిలో బ్రీదర్ మట్టితో పూడిపోయి ఉంది, ఇక ఆయిల్ కారకుండా ఆపే సీళ్ల పక్కనుంచే లాగి ఉంటుంది. పూడిపోతే ఇంకో తంటా కూడా ఉంది. వేడిగాలికి దారి లేక ఆయిల్‌ను చక్రాల వైపు సీళ్లలోంచి తోస్తుంది, అది బ్రేక్ లైనర్లకు అంటుకుని వెనక బ్రేకు పట్టదు. షెడ్డులో సీలు మారుస్తారు, మళ్లీ కారుతుంది, మళ్లీ సీలు. నన్నడిగితే మన సీమ దుమ్ములో తిరిగే బండ్లకు మార్చే సీళ్లలో సగం, ఆ బ్రీదర్ తుడిచి ఉంటే మార్చే పనే పడేది కాదు. లెక్కలు అడగొద్దు, కావాలంటే ఇప్పుడే మీ బండి బ్రీదర్ చూసుకుని రండి.

పని విషయానికొస్తే, జాకీ ఎత్తొద్దు. పికప్ కింద పడుకునేంత ఎత్తు ఎలాగూ ఉంటుంది, పైగా బండి సమంగా ఉంటేనే ఆయిల్ లెవెల్ కరెక్టుగా తెలుస్తుంది. హ్యాండ్ బ్రేక్ వేసి చక్రాలకు రాళ్లు పెట్టండి, మన దగ్గర రాళ్లకేం కొదవ. కాస్త దూరం తిప్పి తెచ్చి వేడి మీద కారిస్తే అడుగున ఉన్న మడ్డి కూడా వస్తుంది. నింపడానికి పంపు లేకపోతే, వెనక బాడీ మీద గరాటు పెట్టి దానికి పైపు తగిలించి కిందికి వదలండి. ఆయిల్ డబ్బాను ముందే ఎండలో పెడితే పలచబడి తొందరగా దిగుతుంది, అనంతపురం ఎండకు ఇదొక్కటే ఉపయోగం. ఎన్ని లీటర్లని లెక్కపెట్టే పని లేదు, నింపే రంధ్రం కింది అంచు దాకా వచ్చి పొర్లబోతుంటే ఆపేయండి.

ఆయిల్ కొనేటప్పుడు మాత్రం జాగ్రత్త. షాపులో "90 నంబర్" అంటే చాలు, ఏది చేతికందితే అది ఇచ్చేస్తారు. మాన్యువల్లో ఏముందో చూసి అడగండి, ఎక్కువగా చిక్కదనం 80డబ్ల్యూ-90 లేదా 85డబ్ల్యూ-140 అని, గట్టి ఒత్తిడి తట్టుకునే జీఎల్-5 గ్రేడు అని ఉంటుంది. క్రౌన్ పళ్లు, పినియన్ పళ్లు ఒకదాని మీద ఒకటి రాసుకుంటూ జారతాయి కాబట్టి ఆ గ్రేడు కావాలి. మిగిలిపోయింది కదా అని దాన్నే గేర్‌బాక్సులో పోయకండి, జీఎల్-4 పోయమన్న బాక్సుల్లో ఇత్తడి రింగులు దెబ్బతింటాయి.

చిన్నాన్న బండికి కొత్త ఆయిల్ పోసి, బ్రీదర్ కడిగి, కొంచెం తిప్పాక దాన్ని కూడా కార్చేసి మళ్లీ పోశాం. ఆయిల్ దండగ అని ఆయన గొణిగాడు కానీ, నీళ్లు దూరిన హౌసింగ్‌కు ఒక్కసారి మారిస్తే సరిపోదు. మూలుగు పూర్తిగా పోలేదు, బాగా తగ్గింది. పోయిందన్న ఆ క్రౌన్‌తోనే ఇప్పటికీ కాయలు తోలుతున్నాడు.

ఆఖరున, బోల్టుల కింద రాగి వాషర్లు ఉంటే కొత్తవి వేయండి, పెద్ద ఖర్చేం కాదు. పాతవే వేసి, కారుతుంటే ఇంకా బిగించి, బోల్టు తల అరగదీసేది అక్కడే. రాత్రికి బండి కింద అట్టముక్క పరిచి, పొద్దున చుక్క పడిందేమో చూసుకుని లోడెత్తండి.